నీడకూ నీటికీ చోటు: వాతావరణ మార్పుల ముందు జంషెడ్‌పూర్

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య వెలసిన ఉక్కు నగరం జంషెడ్‌పూర్ ఏటా రెండు పరీక్షలను ఎదుర్కొంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు నలభై డిగ్రీలు దాటే ఎండలు మొదటి పరీక్ష. వర్షాకాలంలో రెండు నదులూ ఒకేసారి పొంగి, ఒడ్డున ఉన్న పల్లపు బస్తీలను ముంచెత్తడం రెండోది. ఈ రెండూ నగరానికి కొత్తవి కావు. అయితే వాతావరణ మార్పుల వల్ల వీటి తీవ్రత పెరుగుతోంది. అందుకే ఇళ్లను, వీధులను, పేటలను ఎలా నిర్మించుకోవాలన్న ప్రశ్న ఇప్పుడు ప్రజల ఆరోగ్యానికి, జీవనోపాధికి సంబంధించిన ప్రశ్నగా మారింది.

ఈ ప్రశ్నను జంషెడ్‌పూర్ నేపథ్యంలో పరిశీలించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఎండను, గాలిని, వాననీటిని దృష్టిలో ఉంచుకుని ప్రణాళిక వేసుకున్న తొలి భారతీయ పారిశ్రామిక నగరాలలో ఇది ఒకటి. ఆ ప్రణాళిక అందిన పేటలూ, అందని బస్తీలూ ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే ఎండ, ఒకే వాన ఈ రెండు చోట్లా ఒకే రకంగా ఉండవు. ఆ తేడాకు మూలం ఎక్కడుందో తెలుసుకుంటే, చేయవలసిన పని కూడా తెలుస్తుంది.

నగరంతో తెలుగువారికి ఉన్న అనుబంధం పాతది. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వంటి ప్రాంతాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ అనుబంధానికి గుర్తులు. నగరం ఎండను, వరదను ఎలా తట్టుకుంటుందన్నది ఈ కుటుంబాలకూ ఇంటి సంగతే.

చెట్టుతో మొదలైన ప్రణాళిక

ఉక్కు కర్మాగారానికి స్థలం కూడా ఖరారు కాకముందే, 1902లో జంషెడ్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి ఒక లేఖ రాశారు. కార్మికుల కోసం కట్టబోయే పట్టణంలో వీధులు విశాలంగా ఉండాలని, వాటికి ఇరువైపులా నీడనిచ్చే చెట్లు నాటాలని, వాటిలో ఒకటి విడిచి ఒకటి త్వరగా ఎదిగే రకం కావాలని అందులో సూచించారు. పచ్చిక బయళ్లకు, తోటలకు, ఆటస్థలాలకు, హిందూ, ముస్లిం, క్రైస్తవ ప్రార్థనా మందిరాలకు చోటు కేటాయించాలని కోరారు. త్వరగా ఎదిగే చెట్టు కొద్ది ఏళ్లలోనే నీడనిస్తుంది. నిదానంగా ఎదిగే చెట్టు ఆ తర్వాతి తరాలకు నీడనిస్తుంది. ఆ సూచనలోని ఆచరణాత్మకత నేటికీ పనికివచ్చేదే.

1907లో సాక్చి గ్రామం వద్ద కర్మాగారానికి స్థలం నిర్ణయమైంది. 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైంది. 1919లో అప్పటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ పట్టణానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పట్టణపు తొలి నమూనాను అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన కెన్నెడీ, సాలిన్ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించింది. ఆ తర్వాత ఇంజనీరు ఎఫ్.సి. టెంపుల్, 1936లో మేజర్ పి.జి.డబ్ల్యు. స్టోక్స్ విస్తరణ ప్రణాళికలను సిద్ధం చేశారు. నేల ఎత్తుపల్లాలను, వాననీరు సహజంగా ప్రవహించే దారులను గౌరవించడం టెంపుల్ పద్ధతిలోని విశేషం.

1940వ దశకం మధ్యలో ఈ బాధ్యత ఒట్టో కోనిగ్స్‌బర్గర్ చేతికి వచ్చింది. బెర్లిన్‌లో జన్మించిన ఆయన నాజీల పాలన కారణంగా స్వదేశం విడిచి, మైసూరు సంస్థానంలో ప్రధాన వాస్తుశిల్పిగా చేరారు. జంషెడ్‌పూర్ అభివృద్ధి ప్రణాళికలో ఆయన పట్టణాన్ని చిన్న చిన్న పొరుగు విభాగాలుగా ఊహించారు. నడిచి వెళ్లగలిగే దూరంలో బడి, అంగడి, మైదానం ఉండాలని, విభాగాల మధ్య పచ్చని పట్టీలు ఉండాలని ప్రతిపాదించారు. ఆ ప్రణాళిక పూర్తిగా అమలు కాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన భువనేశ్వర్ ప్రణాళికను రూపొందించారు. కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టరుగా పనిచేశారు. అనంతరం లండన్‌లో ఉష్ణమండల వాస్తుశిల్పాన్ని బోధించారు. వేడి ప్రదేశాల్లో వాతావరణానికి తగిన ఇంటిని ఎలా కట్టాలో వివరిస్తూ 1970వ దశకంలో సహరచయితలతో కలిసి ఆయన వెలువరించిన గ్రంథం ఎన్నో దేశాల్లో వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. వాతావరణానికి అనుగుణమైన నిర్మాణం అనే ఆలోచనకు ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించినవారిలో ఒకరు జంషెడ్‌పూర్ వీధుల్లో పనిచేసినవారే.

ఈ పరంపరకు కొనసాగింపుగా, కర్మాగార స్వర్ణోత్సవాల సందర్భంగా నగరానికి జూబిలీ పార్కు దక్కింది. 1958లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించారు. నగరానికి నీరందించే డిమ్నా జలాశయం, దానిపైన ఏనుగులకు ఆలవాలమైన దల్మా కొండల అడవి ఈ పచ్చదనానికి వెన్నుదన్ను.

మారినదేమిటి

వాతావరణ మార్పులపై అంతర్‌ప్రభుత్వ సంఘం అంచనా ప్రకారం, పారిశ్రామిక యుగపు ఆరంభ కాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. మన దేశ సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక పేర్కొంది. సంఖ్య చిన్నదిగా కనిపించినా, ఇది ఏడాది పొడవునా దేశమంతటికీ లెక్కించిన సగటు. సగటు కొద్దిగా జరిగినా, అతి వేడి రోజుల సంఖ్య గణనీయంగా పెరుగుతుంది.

వానల తీరు వెనుక మరో భౌతిక సూత్రం ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే, అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందుకే మొత్తం వర్షపాతం పెద్దగా మారకపోయినా, కురిసేటప్పుడు కుండపోతగా కురిసే అవకాశం ఎక్కువవుతోంది. పది రోజులు పడవలసిన వాన ఒక్క రోజులో పడితే భూమి దానిని ఇంకించుకోలేదు.

అదే కాలంలో నగరమూ మారింది. 2011 జనాభా లెక్కల నాటికే జంషెడ్‌పూర్ నగర సముదాయపు జనాభా 13 లక్షలు దాటింది. ప్రణాళిక ప్రకారం ఏర్పడిన కంపెనీ కాలనీలు ఇందులో ఒక భాగం మాత్రమే. సువర్ణరేఖకు ఆవల మాన్‌గో, రైల్వే స్టేషన్ వైపు జుగ్‌సలాయి, బాగ్‌బేడా, ఖర్కాయికి ఆవల ఆదిత్యపూర్ వేగంగా విస్తరించాయి. నగరం లోపల ఖాళీ జాగాల్లోనూ నదీ తీరంలోనూ బస్తీలు వెలిశాయి. విశాలమైన రోడ్లు, పాత చెట్లు, ఇంటి చుట్టూ ఖాళీ స్థలం ఉన్న పేటల పక్కనే, రెండు గోడల మధ్య చేయి చాపడానికి చోటు లేని సందులు కనిపిస్తాయి.

ఈ తేడా ఉష్ణోగ్రతలోనూ వ్యక్తమవుతుంది. కాంక్రీటు, తారు, ఇటుక పగలంతా వేడిని పీల్చుకుని, సూర్యాస్తమయం తర్వాత మెల్లగా వదులుతాయి. చెట్టు చేసేది దీనికి పూర్తిగా భిన్నమైన పని. అది నేలపై ఎండ పడకుండా ఆపుతుంది. ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చెట్లు తగ్గి కట్టడాలు ఒత్తుగా పెరిగిన చోట రాత్రి వేళ కూడా వేడి తగ్గదు. పగటి ఎండకు అలసిన శరీరం రాత్రి చల్లదనంలోనే కోలుకుంటుంది. ఆ విరామం దొరకకపోతే వృద్ధులకు, శిశువులకు, ఎండలో కూలి పనిచేసేవారికి వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో వడగాలుల వల్ల వెయ్యికి పైగా ప్రాణాలు పోయిన సంగతి పాఠకులకు తెలిసిందే.

ఇల్లు: పైకప్పే మొదటి కవచం

జంషెడ్‌పూర్ సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, కర్కటరేఖకు కొద్దిగా దక్షిణాన ఉంది. జూన్, జూలై నెలల మొదటి పక్షాలలో ఒక్కొక్కసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డిసెంబరు చివర అదే సూర్యుడు దక్షిణాన సుమారు 44 డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. ఈ లెక్క నుంచే ఇంటి నిర్మాణానికి కొన్ని సూత్రాలు ఏర్పడతాయి.

వేసవిలో అత్యధిక వేడిని స్వీకరించేది పైకప్పు. ఆ తర్వాతి స్థానం తూర్పు, పడమర గోడలది. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండ నేరుగా ఈ గోడలపై పడుతుంది. ఉత్తర, దక్షిణ గోడలపై ఆ తీవ్రత తక్కువ. కాబట్టి ఇల్లు తూర్పు పడమరలుగా పొడవుగా ఉండి, పెద్ద గోడలూ కిటికీలూ ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉండడం మేలు. పడమటి వైపు వంటగది, మెట్లు, స్నానాల గది, సామాన్ల గది వంటివి ఉంచితే, పడక గదులకు మధ్యాహ్నపు వేడి నేరుగా తగలదు.

దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ ఎంత ఉపకరిస్తుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. గోడ నుంచి 60 సెంటీమీటర్లు ముందుకు వచ్చిన సన్‌షేడ్, మార్చి 21 ప్రాంతపు మధ్యాహ్నం తన కింద సుమారు 1.4 మీటర్ల ఎత్తు వరకు నీడనిస్తుంది. అంటే సాధారణ కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. డిసెంబరులో అదే సన్‌షేడ్ 60 సెంటీమీటర్ల వరకే నీడనిచ్చి, కిటికీ కింది భాగం నుంచి వెచ్చని ఎండను గదిలోకి రానిస్తుంది. విద్యుత్తు అక్కరలేని ఈ ఏర్పాటు వేసవిలో చల్లదనాన్ని, చలికాలంలో వెచ్చదనాన్ని ఇస్తుంది. పడమటి కిటికీకి మాత్రం ఇది చాలదు. అక్కడ ఎండ వాలుగా వస్తుంది కనుక నిలువు అడ్డుపలకలు, జాలీలు, వెదురు తడికలు, లేదా ఆవల ఒక చెట్టు అవసరం.

పైకప్పు విషయానికి వస్తే, ముదురు రంగు స్లాబు ఎండలో అధిక భాగాన్ని పీల్చుకుంటుంది. తెల్లని ఉపరితలం దానిలో చాలా భాగాన్ని తిరిగి ఆకాశంలోకి పంపుతుంది. డాబాపై సున్నం పూయడం, తెల్లని పెంకులు పరచడం, ఎండను పరావర్తనం చేసే రంగు వేయడం వంటి పద్ధతులతో గదిలోని ఉష్ణోగ్రత సాధారణంగా రెండు నుంచి అయిదు డిగ్రీల వరకు తగ్గుతుంది. బస్తీల్లోని రేకుల ఇళ్లకు ఇది మరింత ముఖ్యం. రేకు పలుచగా ఉంటుంది కనుక ఎండ తగిలిన కొద్ది నిమిషాలకే గది వేడెక్కుతుంది. రేకుపై తెల్లరంగు వేసి, లోపల వెదురు తడికతోనో మరో తేలికైన వస్తువుతోనో అటక వంటి పొర అమర్చి, పైభాగాన వేడి గాలి బయటికి పోయేందుకు సందు వదిలితే తక్కువ ఖర్చుతో గణనీయమైన ఉపశమనం లభిస్తుంది. ఈ పొరకు నిప్పు అంటుకోకుండా పొయ్యికి దూరంగా ఉంచడం తప్పనిసరి.

గాలి సంగతి కూడా ఇంతే. ఒక గదికి ఒకే కిటికీ ఉంటే గాలి లోపలికి వచ్చినా బయటికి పోయే దారి ఉండదు. ఎదురెదురు గోడల్లో కిటికీలు ఉండాలి. పొడి వేడి కాసే ఏప్రిల్, మే నెలల్లో పగలు కిటికీలు మూసి, రాత్రి తెరవడం వల్ల గోడలు చల్లబడతాయి. తేమ నిండిన జూలై, ఆగస్టు నెలల్లో అందుకు భిన్నంగా రోజంతా గాలి ఆడాలి. ఒకే ఇల్లు రెండు రుతువుల్లో రెండు రకాలుగా పనిచేయాలన్న మాట.

ఈ సూత్రాలు పాతతరం గృహస్థులకు తెలియనివి కావు. సంతాల్, హో తెగల ప్రజలు సింగ్‌భూమ్ గ్రామాల్లో కట్టుకునే ఇళ్లకు మందమైన మట్టి గోడలు, కిందికి దిగిన చూరు, ఇంటి ముందు ఎత్తైన అరుగు ఉంటాయి. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు గుండ్రని గోడలతో, నేలను అంటుకునే తాటాకు కప్పుతో తుఫాను గాలిని తప్పించుకుంటాయి. కోస్తా మండువా లోగిలి నడిమి వాకిలి నుంచి వేడి గాలిని పైకి పంపుతుంది. ఆ ఇళ్లను యథాతథంగా తిరిగి కట్టుకోవడం నేటి ఇరుకు స్థలాల్లో సాధ్యం కాదు. వాటిలోని నీడ, మందం, గాలి దారి అనే మూడు గుణాలను మాత్రం కొత్త సామగ్రితోనూ సాధించవచ్చు.

ఏసీ ఒక్కటే పరిష్కారమన్న భావన ఇటీవల బలపడుతోంది. ఏసీ గదిలోని వేడిని వీధిలోకి నెడుతుంది. ఇరుకు సందులో పది ఏసీలు నడిస్తే, ఏసీ కొనలేని పదకొండో ఇల్లు ఆ వేడిని భరించవలసి వస్తుంది. వాడకం తప్పని చోట కూడా ముందుగా పైకప్పును, కిటికీలను సరిదిద్దుకుంటే చిన్న యంత్రం, తక్కువ విద్యుత్తు సరిపోతాయి. నివాస భవనాల కోసం కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత ఉద్దేశం ఇదే. గోడలు, కిటికీల ద్వారా ఇంట్లోకి చేరే వేడికి, పైకప్పు నుంచి దిగే వేడికి అది పరిమితులు నిర్దేశించింది.

వీధి: అందరికీ చెందిన నీడ

ఇంటి లోపలి చల్లదనం ఇంటివారిది. వీధిలోని నీడ అందరిదీ. బస్సు కోసం నిలుచున్నవారు, సాక్చి బజారులో తోపుడు బండి నడిపేవారు, పని ముగించి సైకిలుపై ఇంటికి వెళ్లే కార్మికులు ఆధారపడేది ఈ నీడపైనే. కొమ్మలు కలిసి పందిరిగా అల్లుకున్న రోడ్డుకూ, చెట్లు లేని రోడ్డుకూ మధ్య వేసవి మధ్యాహ్నం కాళ్లకు తెలిసే తేడా చాలా ఎక్కువ.

అయితే ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కకంటే, ఎక్కడ నాటారు, ఎన్ని బతికాయి అన్న లెక్క ముఖ్యం. పార్కులో ఉన్న వంద చెట్లు బస్టాపులోని మనిషికి నీడనివ్వవు. ఏ రకం నాటాలన్నదీ ఆలోచించవలసిన విషయమే. వేప, కానుగ, నేరేడు వంటివి లోతైన వేళ్లతో, దట్టమైన నీడతో దీర్ఘకాలం నిలుస్తాయి. నదీ తీరంలో తెల్లమద్ది సహజంగా పెరుగుతూ ఒడ్డును పట్టి ఉంచుతుంది. వేసవిలో ఈ ప్రాంతాన్ని తాకే కాలబైశాఖి గాలివానలకు పెళుసు కొమ్మల చెట్లు విరిగి రోడ్డున పడుతుంటాయి. కాలిబాట కోసమని చెట్టు మొదలు చుట్టూ కాంక్రీటు పోస్తే వేళ్లకు నీరు, గాలి అందక ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది. మొదలు చుట్టూ కనీసం ఒక మీటరు మట్టి నేల వదలడం ఖర్చులేని జాగ్రత్త.

వీధి దిక్కు, వెడల్పు కూడా పరిగణనలోకి రావాలి. వీచే గాలికి ఎదురుగా ఒకే ఎత్తులో భవనాలు గోడ కట్టినట్టు నిలిస్తే వెనుక పేటకు గాలి ఆడదు. అపార్టుమెంట్ల మధ్య ఖాళీలు వదలడం, ఎత్తుల్లో వైవిధ్యం పాటించడం వల్ల గాలి దారులు నిలుస్తాయి. కోనిగ్స్‌బర్గర్ ప్రతిపాదించిన పచ్చని పట్టీల ప్రయోజనం ఇప్పుడు మరింత స్పష్టమవుతోంది. అవి ఖాళీ స్థలాలుగా కనిపించినా, వాటి గుండా నగరం శ్వాసిస్తుంది.

నీటికి చోటు విడవడం

రాంచీ సమీపంలోని నగ్డీ ప్రాంతంలో పుట్టిన సువర్ణరేఖ నగరానికి ఉత్తరాన ప్రవహిస్తుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతం నుంచి వచ్చే ఖర్కాయి పడమటి వైపున సాగి, సోనారి వద్ద దోముహానీలో దానితో కలుస్తుంది. సువర్ణరేఖ నిండుగా ఉన్నప్పుడు ఖర్కాయి నీరు వేగంగా కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది. అందుకే ఒక నదికి వచ్చిన వరద రెండో నది ఒడ్డును కూడా ముంచుతుంది. మాన్‌గో వంతెన వద్ద సువర్ణరేఖ ప్రమాద స్థాయి 121.50 మీటర్లు. ఆదిత్యపూర్ వంతెన వద్ద ఖర్కాయి ప్రమాద స్థాయి 129 మీటర్లు. ఎగువన చాండిల్ జలాశయం నుంచి, ఒడిశా వైపు ఆనకట్టల నుంచి నీరు వదిలినప్పుడు ఈ రెండు అంకెలూ తీరవాసులకు ఆందోళన కలిగిస్తాయి. బాగ్‌బేడా, జుగ్‌సలాయి, కద్మా, సోనారి, భుయ్యాడీ, మాన్‌గోలలోని పల్లపు ప్రాంతాలకు ఈ ముప్పు ఎక్కువ.

నది నుంచి వచ్చే వరద ఒక ఎత్తు. నగరంలోనే పుట్టే వరద మరో ఎత్తు. ఒక హెక్టారు స్థలంలో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది 10 లక్షల లీటర్ల నీరు. తోట నేల ఇందులో అధిక భాగాన్ని ఇంకించుకుంటుంది. కాంక్రీటు, డాబాలు నిండిన నేల దాదాపు మొత్తాన్ని కాలువలోకి తోసేస్తుంది. పేటలో కాంక్రీటు పెరిగిన కొద్దీ పాత కాలువ చాలదు. కాలువను ఎంత వెడల్పు చేసినా, చివరికి అది కలవవలసిన నది పొంగి ఉన్నప్పుడు నీరు వెనక్కే వస్తుంది.

కాబట్టి నీరు ఎక్కడ పడిందో అక్కడే కొంత సేపు నిలిపి, ఇంకించి, మిగిలినది మెల్లగా వదలడం అవసరం. వంద చదరపు మీటర్ల డాబాపై 50 మిల్లీమీటర్ల వాన 5,000 లీటర్లు ఇస్తుంది. ఇంకుడు గుంత, సంపు, పల్లంగా ఉంచిన పెరటి తోట ఈ నీటిని ఆపగలవు. బడి మైదానాలను చుట్టుపక్కల రోడ్లకంటే కొద్దిగా పల్లంగా ఉంచితే, భారీ వాన వేళ అవి తాత్కాలిక చెరువులై, మరునాటికి మళ్లీ మైదానాలవుతాయి. నేల వాలును, సహజ నీటి దారులను కాపాడాలన్న టెంపుల్ నాటి పద్ధతి విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ దారులపై కట్టిన గోడ ఒక ఇంటిని కాపాడి పది ఇళ్లను ముంచుతుంది.

సింగపూర్ తన బిషన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తొలగించి, గడ్డి ఒడ్డులతో వంపులు తిరిగే సుమారు మూడు కిలోమీటర్ల ఏరుగా 2012 నాటికి మార్చింది. మామూలు రోజుల్లో అది ప్రజలు తిరిగే ఉద్యానవనం, వాన రోజుల్లో వరదకు చోటు. మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ హైదరాబాద్. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు. వరద నివారణను, నగర నిర్మాణాన్ని వేరు చేయకుండా చూసిన ప్రయత్నమది. అదే నగరంలో చెరువులు, నాలాలు కుంచించుకుపోయాక 2020 అక్టోబరులో ఏం జరిగిందో అందరూ చూశారు. ఒక తరం నీటికి విడిచిన చోటును మరో తరం ఆక్రమిస్తే, పాత ప్రణాళిక ఎంత గొప్పదైనా రక్షించలేదు.

అందరికీ అందవలసిన రక్షణ

జంషెడ్‌పూర్‌లో అసలు చిక్కు సాంకేతికమైనది కాదు. నగరం అనేక పాలనా హద్దులుగా చీలి ఉంది. కంపెనీ లీజు ప్రాంతంలో టాటా స్టీల్ అనుబంధ సంస్థ నీరు, విద్యుత్తు, రోడ్ల సేవలు అందిస్తుంది. జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ, మాన్‌గో నగరపాలక సంస్థ, జుగ్‌సలాయి పురపాలక సంఘం, బాగ్‌బేడా వైపు గ్రామ పంచాయతీలు వేర్వేరు పాలనా వ్యవస్థలు. నది దాటితే ఆదిత్యపూర్ మరో జిల్లా. వరద నీటికి, వేడి గాలికి ఈ హద్దులు తెలియవు. ఎగువ పేట తన నీటిని వేగంగా దిగువకు పంపడం ఆ పేటకు పరిష్కారమే అయినా, నగరానికి మాత్రం సమస్య.

రెండో చిక్కు భూమి హక్కు. 2005లో కంపెనీ భూముల లీజును పునరుద్ధరించినప్పుడు 86 బస్తీలను లీజు పరిధి నుంచి మినహాయించారు. అక్కడి నివాసులకు యాజమాన్య హక్కులు కల్పించాలన్న అంశం ఎన్నికల వేళల్లో పదే పదే చర్చకు వస్తోంది. రేపు ఈ ఇల్లు ఉంటుందో లేదో తెలియని కుటుంబం పైకప్పు మార్చడానికి, చెట్టు నాటడానికి, అరుగు ఎత్తు చేయడానికి డబ్బు వెచ్చించదు. మరోవైపు, వరద ముప్పు పేరుతో నదీ తీరవాసులను పనికి దూరంగా తరలిస్తే, ముంపు నుంచి తప్పించుకున్నవారు ఉపాధిని పోగొట్టుకుంటారు. తరలింపు తప్పని చోట పనికి, బడికి దగ్గరలోనే ఇల్లు చూపడం, తప్పనిసరి కాని చోట ఉన్న ఇంటినే పదిలం చేయడం న్యాయమైన మార్గం.

విధానాల పరంగా కొన్ని అనుభవాలు అందుబాటులో ఉన్నాయి. 2010 నాటి తీవ్ర వడగాలుల తర్వాత అహ్మదాబాద్ 2013లో ఉష్ణ కార్యాచరణ ప్రణాళికను చేపట్టింది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల సన్నద్ధత, తాగునీటి కేంద్రాలు అందులో భాగం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాసాలకు దీనిని తప్పనిసరి చేసి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర అటువంటి పైకప్పులు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. చిన్న స్థలాల్లోని ఇళ్లకు అది ఐచ్ఛికం. వేడి ఎక్కువగా బాధించేది ఆ చిన్న ఇళ్లనే కనుక, అటువంటి వాటికి నిబంధనకంటే సాయం అవసరం. సున్నం, కూలి ఖర్చు భరించే చిన్న పథకం పెద్ద చట్టంకంటే ముందుగా ఫలితమివ్వవచ్చు.

జంషెడ్‌పూర్ విషయంలో ఈ అనుభవాల సారం కొన్ని పనులుగా కుదించుకోవచ్చు. రెండు నదుల పరీవాహకాన్ని, నాలాలను పాలనా హద్దులతో నిమిత్తం లేకుండా ఒకే పటంపై గుర్తించి, ఆ దారుల్లో కొత్త కట్టడాలు రాకుండా చూడాలి. వేసవిలో ఏ బస్తీలు ఎక్కువ వేడెక్కుతున్నాయో కొలిచి, అక్కడి నుంచే పైకప్పుల పని, చెట్ల పెంపకం మొదలుపెట్టాలి. ప్రతి పేటలో ఒక బడినో సామాజిక భవనాన్నో ముందుగా చల్లగా, ముంపుకు అందని ఎత్తులో తీర్చిదిద్దితే, ఎండాకాలంలో అది నీడపట్టుగా, వానాకాలంలో ఆశ్రయంగా ఉపయోగపడుతుంది. ఆనకట్టల నుంచి నీరు వదిలే సమాచారం అధికారుల మధ్యనే నిలిచిపోకుండా, బస్తీ ప్రజలకు వారి భాషల్లో సకాలంలో చేరాలి. ఉక్కు నగరంలో హిందీతోపాటు సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, తెలుగు వినిపిస్తాయి. హెచ్చరిక అర్థమైనప్పుడే అది హెచ్చరిక అవుతుంది.

నూట ఇరవై ఏళ్ల క్రితం ఈ నగరం గురించి ఆలోచించినవారు కర్మాగారంతోపాటే చెట్టును కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ నీడ కింద పెరిగిన పేటలు నేటికీ ఆ ముందుచూపు ఫలాన్ని అనుభవిస్తున్నాయి. ఆ నీడ అందని బస్తీలకు దానిని విస్తరించడమే వాతావరణ మార్పుల కాలంలో జంషెడ్‌పూర్ ముందున్న పని. ఇప్పుడు నాటిన కానుగ మొక్క నిండు నీడనిచ్చేందుకు కొన్ని ఏళ్లు పడుతుంది. డాబాపై పూసిన సున్నం ఈ వేసవిలోనే ఫలితం చూపుతుంది. జంషెడ్జీ లేఖలో ఒకటి విడిచి ఒకటి నాటమన్న రెండు రకాల చెట్ల మాదిరిగానే, త్వరగా ఫలించే పనినీ, నిదానంగా ఫలించే పనినీ ఒకేసారి చేపట్టవలసి ఉంది.